మన ఇల్లు, పొలం కూడా సమాజపు వనరులేనా? 39(బి) తీర్పు చెప్పిందేమిటి, చెప్పనిదేమిటి

2024 ఏప్రిల్ చివరి వారంలో రెండు వేర్వేరు విషయాలు ఒకే వార్తగా కలిసిపోయాయి. ఒకవైపు లోక్‌సభ ఎన్నికల ప్రచారం జరుగుతోంది. వాళ్లు గెలిస్తే మీ ఆస్తులు లెక్కగట్టి పంచేస్తారని ఒక పక్షం అంటుంటే, మా మేనిఫెస్టోలో అలాంటి మాటే లేదని రెండో పక్షం అంటోంది. అమెరికాలో ఉన్న వారసత్వ పన్ను గురించి ఒక నాయకుడు చేసిన వ్యాఖ్య ఆ మంటకు ఆజ్యం పోసింది. సరిగ్గా అదే వారం, ఏప్రిల్ 23న, సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఒక పాత కేసు వినడం మొదలుపెట్టింది. ప్రైవేటు ఆస్తులు రాజ్యాంగం 39(బి) అధికరణ కింద 'సమాజపు భౌతిక వనరులు' అవుతాయా అన్నది అక్కడి ప్రశ్న. కేసు 1992 నాటిది, ఎన్నికలతో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా టీవీ డిబేట్లలో రెండూ ఒకటైపోయాయి.

నవంబర్ 5న తీర్పు వచ్చింది. 'ప్రైవేటు ఆస్తిని ఇక ప్రభుత్వం ముట్టుకోలేదు' అన్న అర్థం వచ్చేలా వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. అది తప్పు. ప్రభుత్వం ఇప్పటికీ ముట్టుకోగలదు. హైవేకో, రిజర్వాయరుకో పొలం పోయినవాళ్లకు ఆ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

మూడు అధికారాలను ఒకే గాటన కట్టడంతోనే ఈ గందరగోళం అంతా మొదలైంది. ముందు వాటిని విడదీసుకుందాం.

సేకరించడం, పన్ను వేయడం, కోర్టు నుంచి కాపాడుకోవడం

మొదటిది ఆస్తిని సేకరించే అధికారం. ప్రజా ప్రయోజనం కోసం, చట్టం ప్రకారం, పరిహారం ఇచ్చి ప్రభుత్వం ఎవరి భూమినైనా తీసుకోవచ్చు. దీనికి 39(బి) అక్కర్లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం దీనికోసమే ఉంది. పల్లెలో ఎకరం మార్కెట్ విలువ 10 లక్షలు అనుకుందాం. ఆ విలువను గరిష్ఠంగా 2తో హెచ్చిస్తే 20 లక్షలు. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, కలిపితే 40 లక్షలు. మార్కెట్ విలువ అంటే చాలాచోట్ల రిజిస్ట్రేషన్ కాగితాల్లో చూపిన విలువే కాబట్టి అసలు ధరతో పోలిస్తే ఆ మొత్తం చాలదన్నది రైతుల వాదన. అది నిజమైన గొడవే గానీ, ఈ కేసు దాని గురించి కాదు.

రెండోది పన్ను వేసే అధికారం. ఆదాయం మీద, ఆస్తి విలువ మీద, వారసత్వం మీద పన్ను వేయవచ్చని, కేంద్ర రాష్ట్రాల అధికారాలను జాబితాలుగా పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూల్ నేరుగా చెబుతోంది. దీనికీ 39(బి)తో పనిలేదు.

మూడోదే అసలు కేసు. ఆస్తిని తీసుకునే చట్టం ఒకటి చేశాక, అది సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ యజమాని కోర్టుకు వెళితే ఆ చట్టం నిలబడుతుందా? 39(బి) లేదా 39(సి) లక్ష్యం కోసం చేసిన చట్టమైతే నిలబడుతుందని 31సి అధికరణ చెబుతుంది. అలాంటి చట్టాన్ని 14వ అధికరణ (సమానత్వం), 19వ అధికరణ (వృత్తి, వ్యాపారం, భావప్రకటన వంటి స్వేచ్ఛలు) కింద కొట్టేయడానికి వీల్లేదు. మామూలు చట్టానికి లేని కవచం ఇది. 2024 తీర్పు ఆ కవచం ఎంత పెద్దదో కొలిచింది.

కోర్టులో అడగలేని హామీ

39వ అధికరణ ఆదేశిక సూత్రాల భాగంలో ఉంది. సమాజపు భౌతిక వనరుల యాజమాన్యం, నియంత్రణ అందరి మేలుకు తోడ్పడేలా పంపిణీ కావాలని 39(బి) అంటుంది. ఆర్థిక వ్యవస్థ నడక వల్ల సంపద, ఉత్పత్తి సాధనాలు నలుగురి చేతుల్లో పోగుపడి ప్రజలకు చేటు కలగకూడదని 39(సి) అంటుంది. సంపద అసమానత గురించి రాజ్యాంగంలో ఇంతకంటే సూటిగా మాట్లాడిన చోటు లేదు.

కానీ 37వ అధికరణ ఒక మెలిక పెట్టింది. ఈ సూత్రాలు పరిపాలనకు మౌలికమైనవే గానీ, వీటిని అమలు చేయించమని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. దేశంలో అసమానత పెరిగిపోయింది, సర్కారు చేత చట్టం చేయించండని పిటిషన్ వేస్తే నిలబడదు.

ఇది అంబేడ్కర్‌కు తెలియక జరిగింది కాదు. 1947లో రాజ్యాంగ సభ ముందు పెట్టడానికి ఆయన తయారుచేసిన పత్రంలో కీలక పరిశ్రమలు, వ్యవసాయం ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలని, అది రాజ్యాంగంలోనే రాసి ఉండాలని ప్రతిపాదించారు. అదే అంబేడ్కర్ 1948 నవంబర్‌లో, దేశాన్ని సోషలిస్టు రాజ్యంగా ప్రకటించాలని రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా సవరణ తెస్తే ఒప్పుకోలేదు. సమాజం ఏ ఆర్థిక పద్ధతిలో నడవాలో ఆయా కాలాల ప్రజలు నిర్ణయించుకోవాలి, దాన్ని రాజ్యాంగంలో కట్టేస్తే ప్రజాస్వామ్యానికే చేటు అన్నారు. ఏడాది తర్వాత, 1949 నవంబర్ 25న, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత ఉన్న వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించిందీ ఆయనే. ఇప్పుడు 39(బి) మీద ఏ వైపు వాదించేవాళ్లయినా అంబేడ్కర్‌నే ఉటంకిస్తారు. ఇద్దరికీ ఆయన మాటలు దొరుకుతాయి.

ఇరవై ఏడేళ్ల పోరు

రాజ్యాంగం మొదట అమల్లోకి వచ్చినప్పుడు ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు. 19(1)(ఎఫ్) ఆస్తి సంపాదించే హక్కు ఇచ్చింది, 31వ అధికరణ పరిహారం గురించి చెప్పింది. జమీందారీ రద్దు చట్టాలు వెంటనే దీనికి గుద్దుకున్నాయి. బిహార్ చట్టాన్ని 1951లో పాట్నా హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది పార్లమెంటు మొదటి సవరణ చేసి తొమ్మిదో షెడ్యూల్ సృష్టించింది. అందులో పెట్టిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో సవాలు చేయకూడదన్నది ఏర్పాటు. తొలి జాబితాలో 13 చట్టాలుంటే, వాటిలో రెండు హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్ల రద్దుకు సంబంధించినవి. నిజాం జాగీర్దార్ల కథ ఈ రాజ్యాంగ కథలో మొదటి పుటలోనే ఉందన్నమాట.

తర్వాత కోర్టు, పార్లమెంటు ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకు పైఎత్తు వేసుకుంటూ పోయారు. పరిహారమంటే ఆస్తికి సరిసమానమైన విలువ ఇవ్వాల్సిందేనని పశ్చిమ బెంగాల్ కేసులో కోర్టు అంది. పరిహారం చాలుతుందా లేదా అన్నది కోర్టులు అడగకూడదని 1955లో నాలుగో సవరణ వచ్చింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో, తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో 6-5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేసే అధికారమే పార్లమెంటుకు లేదని తీర్పు వచ్చింది. 1969 జులైలో ఇందిరా గాంధీ ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేస్తే, 1970 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని 10-1 తేడాతో కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం రోజుల్లోనే మరో ఆర్డినెన్స్ తెచ్చింది.

ఆ కోపంలో పుట్టిందే 31సి. 1971లో 25వ సవరణ రెండు మాటలు చెప్పింది. 39(బి), 39(సి) కోసం చేసిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల ఆధారంగా కొట్టేయకూడదు. పైగా, ఇది వాటి కోసమే చేశామని చట్టంలో రాసేస్తే చాలు, నిజంగా దానికోసమేనా అని కోర్టు అడగనే కూడదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు 7-6 తేడాతో మొదటి మాటను ఉంచి రెండో మాటను తీసేశారు. కవచం ఉండొచ్చు, అది నిజంగా ఆ పనికే వాడారో లేదో మేం చూస్తాం అన్నది సారాంశం. ఎమర్జెన్సీలో 42వ సవరణ ఈ కవచాన్ని ఆదేశిక సూత్రాలన్నింటికీ పొడిగించింది. 1980లో మినర్వా మిల్స్ కేసులో కోర్టు ఆ పొడిగింపును కొట్టేసింది.

మధ్యలో 1978లో జనతా ప్రభుత్వం 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300ఎ అధికరణగా మార్చింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదన్నది ఇప్పుడు మిగిలిన హక్కు. పైకి చూస్తే ఇది చిన్నది. కానీ 2024 మే నెలలో, కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో, నోటీసు, వాదన వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం లాంటి ఏడు రక్షణలు ఈ ఒక్క వాక్యంలోనే ఇమిడి ఉన్నాయని సుప్రీంకోర్టు అంది. 31సి కవచం 14, 19 అధికరణల నుంచే కాపాడుతుంది, 300ఎ గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. ముందు ముందు వచ్చే కేసుల్లో అసలు తగువు ఇక్కడే జరుగుతుందని నా అంచనా.

ముంబై పాత భవనాల లెక్క

ఇంత పెద్ద ప్రశ్న తొమ్మిది మంది ముందుకు ఎలా వచ్చింది? దక్షిణ ముంబైలో వేల సంఖ్యలో పాతబడ్డ అద్దె భవనాలున్నాయి. అద్దెలు దశాబ్దాల పాటు అద్దె నియంత్రణ చట్టం కింద కదలకుండా ఉండిపోయాయి. ఆ అద్దెతో రిపేర్లు చేయించలేమని యజమానులు అంటారు. వానాకాలం వచ్చిందంటే ఏ గోడ ఎప్పుడు కూలుతుందోనని అద్దెదారులకు టెన్షన్. రిపేర్ల కోసం సెస్ వసూలు చేసే పద్ధతి పెట్టారు. 1986లో మహారాష్ట్ర ఇంకో అడుగు వేసింది. భవనంలో ఉంటున్నవాళ్లలో 70 శాతం మంది కోరితే ప్రభుత్వ సంస్థ దాన్ని సేకరించి వాళ్ల సహకార సంఘానికి అప్పగించవచ్చని చట్టంలో కొత్త అధ్యాయం చేర్చింది. ఇది 39(బి) కోసమేనని అందులోనే రాసింది.

పరిహారం నెల అద్దెకు వంద రెట్లు. ఊహకు ఒక భవనం తీసుకుందాం: 20 గదులు, గదికి నెలకు 250 రూపాయల అద్దె. నెలకు 5 వేలు, దానికి వంద రెట్లు 5 లక్షలు. స్థలంతో సహా మొత్తం భవనానికి అంతే. దక్షిణ ముంబైలో ఆ సొమ్ముకు ఒక గది కూడా రాదు. యజమాని కోణంలో ఇది పరిహారం కాదు, పేరుకు ఇచ్చే చిల్లర. అద్దెదారు కోణంలో చూస్తే, మూడు తరాలుగా ఉంటున్న ఇల్లు నెత్తిన కూలకుండా ఉండటానికి ఉన్న ఒకే దారి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే కేసు అంత కాలం సాగింది.

వంద రెట్ల లెక్క నిరంకుశమని, 14వ అధికరణకు విరుద్ధమని యజమానుల సంఘం వాదించాలనుకుంది. ఇది 39(బి) చట్టం కాబట్టి ఆ వాదన వినడానికే వీల్లేదని ప్రభుత్వం అంది. బాంబే హైకోర్టు 1991లో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టులో కేసు అయిదుగురి నుంచి ఏడుగురికి, 2002లో తొమ్మిది మందికి వెళ్లి, అక్కడ ఇరవై రెండేళ్లు కూర్చుంది.

తొమ్మిది మందీ ఒప్పుకున్నదొకటి, విడిపోయినదొకటి

మొదటి ప్రశ్న: మినర్వా మిల్స్‌లో పొడిగింపును కొట్టేసినప్పుడు పాత 31సి కూడా దానితోపాటే పోయిందా? తొమ్మిది మందీ పోలేదనే అన్నారు. కేశవానందలో మిగిలిన రూపంలో అది బతికే ఉంది. తీర్పులో ఈ భాగం పెద్దగా వార్తల్లోకి రాలేదు గానీ, సంక్షేమ చట్టాలు చేసే ప్రభుత్వాలకు ఇదే ముఖ్యమైనది.

రెండో ప్రశ్న దగ్గర విడిపోయారు. దీనికి మూలం 1977 నాటి కర్ణాటక కేసు. ప్రైవేటు బస్సుల జాతీయీకరణ మీద ఏడుగురు జడ్జీలూ చట్టాన్ని సమర్థించారు. అయితే సహజమైనవి, మనిషి చేసినవి, ప్రభుత్వానివి, ప్రైవేటువి అన్న తేడా లేకుండా అన్ని వనరులూ సమాజపు వనరులేనని జస్టిస్ కృష్ణయ్యర్ మరో ఇద్దరి తరఫున రాశారు. మిగిలిన నలుగురు ఆ మాటతో మాకు పొత్తు లేదని స్పష్టంగా చెప్పారు. అయినా 1982లో కోకింగ్ కోల్ గనుల జాతీయీకరణ కేసులో అయిదుగురి ధర్మాసనం తరఫున జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఆ అభిప్రాయాన్నే స్వీకరించారు. ఆస్తి హక్కు మీద చెరో చివర నిలిచిన ఇద్దరు జడ్జీలు, సుబ్బారావు, చిన్నపరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్లే కావడం చెప్పుకోదగ్గ సంగతి.

2024లో నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తనతో కలిపి ఏడుగురి తరఫున రాసిన తీర్పు చిన్నపరెడ్డి దారి సరికాదంది. మైనారిటీగా మిగిలిన అభిప్రాయాన్ని తెచ్చి ఆధారం చేసుకోవడం మొదటి లోపం. ప్రతి ప్రైవేటు వస్తువూ సమాజపు వనరే అనడం అంటే ఒక నిర్దిష్ట ఆర్థిక సిద్ధాంతాన్ని రాజ్యాంగంలోకి చొప్పించడమే, రాజ్యాంగ నిర్మాతలు ఆ పని చేయలేదన్నది రెండోది. అయితే మెజారిటీ రెండో అంచుకూ వెళ్లలేదు. ప్రైవేటు ఆస్తి ఎప్పటికీ సమాజపు వనరు కాదని అనలేదు. కొన్ని అవుతాయి, అన్నీ కావు అంది.

జస్టిస్ బి.వి. నాగరత్న పాక్షికంగా ఏకీభవించారు. బట్టలు, ఇంటి సామాను, వ్యక్తిగత నగలు వంటి సొంత వాడుక వస్తువులను పక్కన పెడితే, మిగిలిన ప్రైవేటు వనరులు సమాజపు వనరులుగా మారవచ్చు. కానీ అలా మారాలంటే జాతీయీకరణో, సేకరణో, కొనుగోలో, యజమాని దానమో, ఇలా ఏదో ఒక ప్రక్రియ జరగాలి. పాత తరం జడ్జీలు తమ కాలపు పరిస్థితుల్లో రాసిన తీర్పులను ఇప్పటి కళ్లతో చూసి తప్పుపట్టడం తగదని కూడా ఆమె గట్టిగానే అన్నారు. జస్టిస్ సుధాంశు ధులియా ఒక్కరే పూర్తిగా విభేదించారు. అసమానత తగ్గనప్పుడు 39(బి) పరిధిని కుదించే సమయం ఇది కాదు, ఏ వనరును ఎప్పుడు పంపిణీ చేయాలన్నది చట్టసభలకు వదిలేయాలి అన్నది ఆయన వాదన.

నాగరత్న, ధులియా చెప్పినదానికీ మెజారిటీ చెప్పినదానికీ లోతున ఉన్న తేడా ఒకటే. ఏది సమాజపు వనరో మొదట ఎవరు తేల్చాలి, చట్టసభా, కోర్టా? మెజారిటీ తీర్పుతో ఆ పని ఎక్కువగా కోర్టు చేతికి వచ్చింది.

నాలుగు ప్రశ్నలు పెట్టి చూస్తే

ఏదైనా ప్రైవేటు ఆస్తి 39(బి) కిందికి వస్తుందా అని చూసేటప్పుడు నాలుగు అంశాలు పరిశీలించాలని మెజారిటీ చెప్పింది: ఆ వనరు స్వభావం ఏమిటి, సమాజం బాగోగుల మీద దాని ప్రభావం ఎంత, అది ఎంత అరుదైనది, ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో పోగుపడితే ఏమవుతుంది. ఇదే పూర్తి జాబితా కాదని కూడా అంది.

గుంటూరు దగ్గర అయిదెకరాల రైతు పొలాన్ని ఈ ప్రశ్నల ముందు పెట్టండి. అరుదైనది కాదు, గుత్తాధిపత్యం లేదు. అది సమాజపు వనరని చెప్పడం కష్టం. రిటైరైన టీచరమ్మ అపార్ట్‌మెంటూ అంతే. అడవులు, చెరువులు, చిత్తడి నేలలు ప్రైవేటు పట్టాలో ఉన్నా ఈ కోవలోకి రావచ్చని తీర్పే ఉదాహరణగా చెప్పింది. కొల్లేరు లోపలి జిరాయితీ భూములు గుర్తుకొస్తాయి. అక్కడ పట్టా ఒకరిదే అయినా, గట్టు వేస్తే వరద పడేది పది ఊళ్ల మీద.

సహజ వాయువు మరింత తేలిక ఉదాహరణ. కాకినాడ తీరం అవతల కృష్ణా గోదావరి బేసిన్‌లో దొరికిన గ్యాస్ గురించి అంబానీ సోదరులు 2005లో కుటుంబ ఒప్పందం చేసుకున్నారు. రోజుకు 2.8 కోట్ల ఘనపు మీటర్లు, 17 ఏళ్లు, యూనిట్ 2.34 డాలర్లకు. తర్వాత ప్రభుత్వం ఖరారు చేసిన ధర 4.20 డాలర్లు. 2010 మే 7న సుప్రీంకోర్టు, ఇద్దరి మధ్య ఒప్పందం ప్రభుత్వ విధానానికి లోబడాల్సిందేనంది. గ్యాస్ ప్రజలది, కేంద్రం వాళ్ల తరఫున దాన్ని చూసుకునే ధర్మకర్త అని విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి నొక్కి చెప్పారు.

ఇక చిక్కు ఉదాహరణ: ఒక టెక్ కంపెనీ దగ్గర పోగైన కోట్ల మంది డేటా. తరిగేది కాదు, కానీ పోగుపడితే ప్రమాదం పెద్దది. నాలుగు ప్రశ్నల్లో రెండు ఒక వైపు, రెండు ఇంకో వైపు లాగుతాయి. ఇలాంటిది కోర్టు ముందుకు వస్తే ఏం తేలుతుందో ఈ తీర్పు చదివి చెప్పలేం. కొలబద్ద మరీ వదులుగా ఉందన్న విమర్శకు ఇదే ఆధారం. ముందే గట్టిగా బిగించేస్తే రేపు రాబోయే వనరులకు సరిపోదని సమర్థించేవాళ్లు అంటారు.

ఆస్తి హక్కు ఎవరి పక్షం?

ఆస్తి హక్కు అనగానే జమీందారో, కార్పొరేటో గుర్తుకు రావడం సహజం. 1950లలో అది నిజం కూడా. కానీ అసైన్డ్ భూముల సంగతి చూడండి. పేదలకు ప్రభుత్వం పంచిన భూమిని ప్రాజెక్టుకో, పరిశ్రమకో వెనక్కి తీసుకునేటప్పుడు, ఇది మేమిచ్చిందే కదా అని నామమాత్రపు సొమ్ము చేతిలో పెట్టే పద్ధతి ఉండేది. పట్టాదారులతో సమానంగా అసైనీలకూ పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. అక్కడ ఆస్తి హక్కు పేదవాడి వైపు నిలబడింది.

కవచం ఉన్నంత మాత్రాన పంపకం జరగదని చెప్పే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం అయిదుగురి కుటుంబానికి నేల తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాల పరిమితి పెట్టింది. 1974లో దాన్ని తొమ్మిదో షెడ్యూల్లో చేర్చారు. అంతకంటే గట్టి రక్షణ ఏ చట్టానికీ లేదు. కానీ మేజరైన కొడుకులకు విడిగా వాటా లెక్క కట్టే వెసులుబాటు, ముందే జరిగిపోయిన కాగితపు పంపకాలు, బినామీ పేర్లు, ఎవరికి ఎంత భూమి ఉందో చెప్పే డిక్లరేషన్ల మీద ట్రిబ్యునళ్లలో ఏళ్ల తరబడి నడిచిన తగువులు కలిసి మిగులు భూమిని కరిగించేశాయి. పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం హైదరాబాద్‌లో ఖాళీ స్థలానికి వెయ్యి చదరపు మీటర్ల హద్దు పెట్టింది. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేస్తే, మన రాష్ట్రం 2008లో ఆ రద్దును స్వీకరించింది. ఈ రెండు చోట్లా అడ్డొచ్చింది కోర్టు కాదు.

మరి పన్ను?

నా దృష్టిలో అసమానత చర్చ అసలు ఉండాల్సిన చోటు ఇది. ప్రపంచ అసమానత ప్రయోగశాల పరిశోధకులు 2024 మార్చిలో ఇచ్చిన అంచనా ప్రకారం, 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక శాతం జనం చేతిలో ఉంది. సర్వేలు, పన్ను రికార్డులు, కుబేరుల జాబితాలు కలిపి కట్టిన లెక్క కాబట్టి దాని మీద అభ్యంతరాలున్నాయి. అంకె కాస్త అటూ ఇటూ అయినా, అంతరం పెరుగుతోందా అన్నదాని మీద తగువు తక్కువ.

ఆ ఒక శాతం సంపదలో పెద్ద భాగం కంపెనీల షేర్లు, వ్యాపారాల్లో వాటాలు. 39(బి) కింద సేకరణ అనేది గనికో, భవనానికో, నేలకో పనికొస్తుంది గానీ, షేర్ల విలువను పంచడానికి పనికొచ్చే సాధనం కాదు. దానికి ఉన్నది పన్నే. మనకు రెండు పన్నులు ఉండేవి, రెండింటినీ పార్లమెంటే తీసేసింది.

ఎస్టేట్ డ్యూటీ 1953లో వచ్చింది. చనిపోయినవాళ్ల ఆస్తి వారసులకు వెళ్లేటప్పుడు పడే పన్ను. ఒక దశలో పై స్లాబు 85 శాతం. 1985లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ రద్దు చేస్తూ, వచ్చేది ఏటా 20 కోట్లే, వసూలు ఖర్చు దానికి మించిన తలనొప్పి అన్న అర్థంలో చెప్పారు. రేటు 85 శాతం, రాబడి 20 కోట్లు అంటే ఎగవేత ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు.

సంపద పన్ను 1957 నుంచి 2015 దాకా ఉంది. 1993 తర్వాత షేర్లు, డిపాజిట్లను మినహాయించి, బంగారం, కార్లు, అదనపు ఇళ్లు, పట్టణ స్థలాల వంటి వాటికే పరిమితం చేశారు. చివరి ఏళ్లలో 30 లక్షలు దాటిన విలువ మీద ఒక శాతం. దీని ఫలితం ఒక లెక్కలో చూడండి. ఒకరికి ఉంటున్న ఇల్లు కాక 2 కోట్ల విలువైన బంగారం, ఖాళీ ప్లాటు ఉన్నాయి. 30 లక్షలు తీసేస్తే 1.7 కోట్లు, దాని మీద పన్ను 1.7 లక్షలు. ఇంకొకరికి 200 కోట్ల షేర్లున్నాయి, బంగారం లేదు. పన్ను సున్నా. 2013-14లో దేశం మొత్తం మీద ఈ పన్ను రాబడి 1,008 కోట్లు. అరుణ్ జైట్లీ దాన్ని తీసేసి, కోటి రూపాయల పైన ఆదాయమున్న వాళ్ల మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేస్తే 9 వేల కోట్లు వస్తాయన్నారు. రాబడి లెక్కలో అది సరైన నిర్ణయమే. కానీ సర్‌చార్జి ఆదాయం మీద పడేది, సంపద మీద కాదు. షేర్లు అమ్మకుండా, డివిడెండ్ తీసుకోకుండా ఉన్నంత కాలం వాటి విలువ వంద రెట్లు పెరిగినా అది ఆదాయం కిందికి రాదు.

మళ్లీ తేవాలా అన్నదాని మీద రెండు వైపులా బరువైన వాదనలున్నాయి. వద్దనేవాళ్లు విలువ కట్టడం కష్టమని, చేతిలో డబ్బు లేని ఆస్తిపరులు ఇబ్బంది పడతారని, పెట్టుబడులు దుబాయికో సింగపూర్‌కో పోతాయని అంటారు. కావాలనేవాళ్లు 1985 నాటి దొంగలెక్కల కాలం పోయిందని, డీమ్యాట్ ఖాతాలు, పాన్ అనుసంధానం వచ్చాక షేర్ల విలువ రోజూ తెరమీదే కనిపిస్తోందని అంటారు. నిజానికి ఇప్పుడు దాచడం కష్టమైనవి షేర్లే, తేలికైనవి బంగారం, భూమి. పాత చట్టం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉండేది.

రాజ్యాంగ పరంగా మాత్రం ఇందులో చిక్కేమీ లేదు. కేంద్ర జాబితాలో 86వ అంశం ఆస్తుల మూలధన విలువ మీద పన్ను, 87 ఎస్టేట్ డ్యూటీ, 88 వారసత్వ సుంకం. మూడూ 1950లో రాసినట్టే ఇప్పటికీ ఉన్నాయి. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, తొమ్మిది మంది జడ్జీల అనుమతీ అక్కర్లేదు, లోక్‌సభలో మామూలు మెజారిటీతో ఒక ఫైనాన్స్ బిల్లు చాలు. వ్యవసాయ భూమిని మాత్రం ఆ మూడు అంశాల నుంచీ మినహాయించారు. భూమి వారసత్వం మీద సుంకం, ఎస్టేట్ డ్యూటీ రాష్ట్ర జాబితాలో 47, 48 అంశాలు. అంటే వందెకరాల వారసత్వం మీద పన్ను వేయాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పుడైనా వస్తే, దాన్ని తేల్చాల్సింది అమరావతిలో, హైదరాబాద్‌లో ఉన్న అసెంబ్లీలు.